గెరిల్లా సొరంగాలు: కనిపెట్టడం, పాడుచేయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

హలసూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్ల కేంద్రం ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లేవాళ్లకు కూడా ‘సాపర్’ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. కోట గోడ కిందికి కందకం తవ్వుకుంటూ పోయేవాడని ఆ మాటకు అసలు అర్థం. 1780లో మొదలైన ఆ దళంలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. అందుకేనేమో, బెంగళూరులో సైనిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లు నలుగురు కూడితే మాట తొందరగా సొరంగాల మీదికి మళ్లుతుంది. సైనికాధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్, ఎన్‌డీఏ పరీక్షలకు చదివే పిల్లలు, జియోఫిజిక్స్ విద్యార్థులు, వియత్నాం టికెట్లు కొనుక్కున్న ఐటీ వాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి.

గెరిల్లా సొరంగం అంటే బంకరేనా?

కాదు. బంకర్ ఒక గది, అందులో దాక్కుంటారు. సొరంగ వ్యవస్థ దారి. శత్రువు ఒకచోట చూసినవాడు పది నిమిషాల్లో రెండొందల మీటర్ల అవతల, శత్రువు వీపు వెనక తేలాలి. దాని బలమంతా రెండో నోటిలోనే ఉంది. ఒకే నోరున్నది ఎంత లోతున్నా గొయ్యే.

ఈ తెలివి పాతదే. లక్క ఇంట్లో ఖనకుడు తవ్విన సొరంగం గురించి భారతం ఏం చెబుతుందో చూడండి. ఇంటి నడుమ, మరీ పెద్దది కాని నోరు, దానికి తలుపు, ఆ తలుపు నేలతో సమానంగా ఉండి పురోచనుడి కంట పడలేదు. వియత్నాం యుద్ధంలో గెరిల్లాలు అమెరికన్ సైన్యం మీద వాడిన కూచీ సొరంగాల మూతలూ ఇలాంటివే.

కూచీలోనే అంత పెద్ద వ్యవస్థ ఎలా సాధ్యమైంది?

నేల వల్ల. సైగాన్‌కు వాయవ్యంగా ఉన్న కూచీది లాటరైట్ కలిసిన బంకమట్టి. వానాకాలంలో గునపానికి మెత్తగా లొంగుతుంది, ఆరితే ఇటుకలా బిగుస్తుంది. చెక్కలు, కాంక్రీటు లేకుండానే కప్పు నిలబడుతుంది. పైగా అక్కడ భూగర్భజలం బాగా కిందికి ఉండడంతో రెండు మూడు అంతస్తులు దిగినా ఊట రాదు. లాటరైట్ అనే పేరు పెట్టిన ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు రాజ్యమంతా తిరిగి, మలబారులో ఆ మట్టిని ఇటుకల్లా కోసి ఆరబెట్టడం చూసి ఆ పేరు పెట్టాడు. ఇటుకకు లాటిన్ మాట ‘లేటర్’ నుంచి వచ్చిందది.

తవ్వకం 1940ల చివర్లో ఫ్రెంచివాళ్ల కాలంలో మొదలైంది. మొదట ఊరికీ ఊరికీ మధ్య చిన్న ముక్కలు. 1960ల నడుమకు అవన్నీ కలిసి 200 కిలోమీటర్లు దాటాయి. మొదటి అంతస్తు సుమారు 3 మీటర్ల లోతున, రెండోది 6 మీటర్ల దగ్గర, మూడోది 8 నుంచి 10 మీటర్ల మధ్య. దారి వెడల్పు, ఎత్తు మీటరుకు అటూ ఇటూ. పనిముట్లు పొట్టి పిడి పార, వెదురు తట్ట.

తవ్విన మట్టి ఏం చేసేవాళ్లు?

ఇది అడిగితే సగం విషయం అర్థమైనట్టే. సొరంగాన్ని దాచవచ్చు, మట్టిని దాచడం కష్టం. లెక్క వేసి చూడండి. 0.8 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు అనుకుంటే ప్రతి మీటరుకు 0.8 ఘనపు మీటర్లు. కిలోమీటరుకు 800. తవ్విన మట్టి గుల్లబారి పావు వంతు పెరుగుతుంది కాబట్టి 1,000 ఘనపు మీటర్లు. అవుటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే పది ఘనపు మీటర్ల టిప్పర్లయితే వంద లోడ్లు. దాన్ని తట్టలతో, చీకట్లో, గాలిలోంచి ఫొటోలు తీసే విమానాల కింద మాయం చేయాలి.

వాళ్లు వాగుల్లో కలిపారు, వరి మడి గట్లకు వేశారు, బాంబులు పడిన గోతుల్లో పోశారు, ఇళ్ల కింద పరిచారు. అందుకే అనుభవం ఉన్న ఇంజనీర్లు నోటి కోసం వెతికే ముందు మట్టి కోసం వెతుకుతారు. పైమట్టి రంగు ఒకటి, లోపలి మట్టి రంగు ఇంకొకటి. ఎర్రటి లోపలి మట్టి గట్టు మీద కనబడిందంటే ఎక్కడో గుంట ఉన్నట్టే.

కంటితో చూసి ఏమేం పసిగట్టేవారు?

లోపలున్నవాళ్లు బతకాలంటే నాలుగు బయటికి రావాలి: మట్టి, గాలి, పొగ, మనుషులు. ప్రతిదానికీ ఒక జాడ ఉంటుంది.

గాలికి వెదురు గొట్టాలు వాలుగా పెట్టి, బయటి కొసను చెదపుట్టలా మలిచేవారు. మన ఊళ్లలో పుట్టను చూస్తే పాముందేమోనని పక్కకు తప్పుకుంటాం, అక్కడ పాము బదులు తుపాకీ. నిజం పుట్టకు చెదల మట్టి తడి ఉంటుంది, దొంగ పుట్ట ఎండి బీటలిస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు లోపలి వెచ్చటి గాలి బయటికి వస్తే నోటి దగ్గర గడ్డి మీద మంచు ఉండదు.

పొగకు హోఆంగ్ కామ్ పొయ్యి. ఆ పేరు దాన్ని కనిపెట్టిన వియత్నాం సైనిక వంటవాడిది. పొయ్యి నుంచి వరసగా గదులు, కాలువలు తవ్వి, పైన కొమ్మలు, తడి మట్టి కప్పుతారు. పొగ ఆ దారంతా పాకి, చల్లబడి, పలచబడి, దూరంగా నేలను అంటుకుని బయటపడుతుంది. వంట పొగమంచు వేళే. అయినా వాసన ఆగదు. అడవి నడుమ ఇళ్లు లేనిచోట అన్నం వాసన వచ్చిందంటే ఆగి చూడాల్సిందే.

మనుషుల జాడ అన్నిటికన్నా నమ్మదగింది. ఎటూ పోకుండా ఆగిపోయే కాలిబాట. ఐదు గడపల ఊళ్లో యాభైమందికి సరిపడా కూరపాదులు. చుట్టూ ఎండిపోతే ఒక్కచోట పచ్చగా ఉన్న గడ్డి, లేదా అంతా పచ్చగా ఉంటే ఒక్కచోట వడలిన ఆకులు. అనుమానం వచ్చినచోట ఇనుప చువ్వతో అడుగడుగుకూ గుచ్చి చూస్తారు. చువ్వ ఒక్కసారిగా జారిందా, చెక్క తగిలిన చప్పుడైందా, అదే మూత. మూత పొడవు అడుగున్నర, వెడల్పు అడుగు. మధ్యలో మట్టి నింపి, పైన ఆకులు పరిచిన చెక్క పళ్లెం అనుకోండి. దాని మీద నిలబడినా తెలియదు.

కుక్కలతో పట్టలేరా?

కొంతవరకు. గాలి రంధ్రాల దగ్గర మిరియాల పొడి చల్లేవారు, అమెరికన్ సబ్బులు, పాత యూనిఫాం ముక్కలు పెట్టేవారు. తనవాళ్ల వాసనే అనుకుని కుక్క ముందుకు పోయేది.

నేలకు చెవి ఆనించి వినడం నిజంగా పనిచేస్తుందా?

తవ్వుతున్నప్పుడు పనిచేస్తుంది, తవ్వడం ఆపేశాక కాదు. ఈ తేడా చాలామంది మరిచిపోతారు.

చైనాలో ప్రాచీన తత్వవేత్త మోజీ కాలం నాటి రక్షణ గ్రంథాల్లోనే ఉంది: కోట గోడ లోపలి పక్క బావులు తవ్వి, అడుగున పెద్ద కుండలు పెట్టి, మూతికి పలుచటి తోలు బిగించి, చెవి పదునైనవాణ్ణి కూర్చోబెట్టి వినడం. రెండు బావుల్లో చప్పుడు తేడాను బట్టి దిక్కు చెప్పేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో జియోఫోన్ వచ్చింది. చిన్న చెక్క డబ్బాలో పాదరసం, దానికి స్టెతస్కోపు గొట్టం, అలాంటివి రెండు. నేల మీద రెంటినీ జరుపుతూ రెండు చెవుల్లో చప్పుడు సమానమయ్యేలా చేసి, దానికి అడ్డంగా దిక్సూచి చూస్తే తవ్వేవాడి వైపు తెలుస్తుంది. రెండు వేర్వేరు చోట్ల నుంచి చూస్తే గీతలు కలిసేచోట వాడుంటాడు.

దక్షిణ కొరియాలో ఇంకా మోటుగా చేశారు, బాగా చేశారు. సరిహద్దు వెంట బోర్లు వేసి, గొట్టాలు దించి నీళ్లు నింపారు. 1978 జూన్‌లో ఒక గొట్టం నుంచి నీళ్లు ఎగజిమ్మాయి. కింద ఎవరో రాయి పేల్చారన్నమాట. అక్కడే ఎదురు తవ్వి, ఉత్తర కొరియా తవ్విన సొరంగాల్లో మూడోదాన్ని అక్టోబరులో పట్టుకున్నారు: 73 మీటర్ల లోతు, 1.6 కిలోమీటర్ల పొడవు, నిలువు, వెడల్పు సుమారు రెండేసి మీటర్లు. అది బొగ్గు గని అని చెప్పుకోవడానికి గ్రానైట్ గోడలకు బొగ్గుపొడి పూసి ఉంది.

ఇప్పుడు రాడార్లున్నాయి కదా, ఇంకా కష్టమేముంది?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువ అపోహలున్నదీ దీని మీదే. మూడు పద్ధతులు చూద్దాం.

జీపీఆర్ అనే నేల రాడార్ ఎండిన ఇసుకలో అద్భుతం. తడి బంకమట్టిలో ఒకటి రెండు మీటర్లకే గుడ్డిదవుతుంది, ఎందుకంటే విద్యుత్తును మోసే నేల తరంగాన్ని తాగేస్తుంది. లోతుకు పోవాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి. 100 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకు మామూలు నేలలో తరంగం పొడవు మీటరు దాకా ఉంటుంది, మీటరు వెడల్పు కలుగు దానికి మసగ్గానే తోస్తుంది. తెర మీద సొరంగం బోర్లించిన బాణలిలా కనబడుతుంది. చెట్టు వేరూ, బండరాయీ, పాత పైపూ అలాగే కనబడతాయి. అందుకే ఒక్క గీతను నమ్మకూడదు. అనుమానించిన దారికి అడ్డంగా, రెండు మీటర్లకొకటి చొప్పున పది గీతలు లాగాలి. బాణలి అన్నిట్లోనూ వరసగా వస్తే అది సొరంగమో పైపో. రాయైతే రెండో గీతలోనే మాయమవుతుంది.

రెసిస్టివిటీ బెంగళూరువాళ్లకు కొత్త కాదు, బోరు పాయింటు చూసేవాళ్లు వాడేదే. వరసగా మేకులు దిగ్గొట్టి కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. ఖాళీ సొరంగం ఎక్కువ అడ్డుకుంటుంది, నీళ్లున్నది తక్కువ. లోతు కావాలంటే లైను పొడవుండాలి: మీటరుకొకటి చొప్పున 48 మేకులు వేస్తే చూడగలిగేది ఎనిమిది, తొమ్మిది మీటర్ల లోతే. ఇక కాల్పులు జరిగే నేల మీద 48 మేకులు దిగ్గొట్టేదెవరు?

గురుత్వాకర్షణ కొలత వినడానికి బాగుంటుంది. మీటరు వెడల్పు సొరంగం 5 మీటర్ల లోతున ఉంటే పైన గురుత్వం తగ్గేది సుమారు 4 మైక్రోగ్యాల్, అంటే మామూలు గురుత్వంలో వంద కోట్లలో నాలుగు వంతులు. మంచి గ్రావిమీటర్‌ను బయట పొలంలో నమ్మగలిగేది 5 మైక్రోగ్యాల్ దగ్గర. పైగా పరికరం నిలబెట్టిన ఎత్తును ఒక్క సెంటీమీటరు తప్పుగా కొలిస్తే 3 మైక్రోగ్యాల్ తేడా. సంకేతమూ తప్పూ ఒకే సైజులో ఉన్నాయి. రెండు మీటర్ల వెడల్పున్న పెద్ద సొరంగాలకే ఇది పనికొస్తుంది.

ఏ యంత్రమైనా ‘ఇక్కడ ఏదో తేడాగా ఉంది’ అని మాత్రమే చెబుతుంది. చివరికి బోరు వేసి కెమెరా దించాలి, లేదా తవ్వి చూడాలి. ఇప్పటికీ ఎక్కువ సొరంగాలు మనుషులిచ్చిన సమాచారంతోనో, నేల కుంగితేనో బయటపడుతున్నాయి.

నోరు దొరికింది. మొదట ఏం చేయాలి?

ఏమీ చేయకూడదు, చుట్టూ మనుషుల్ని నిలబెట్టడం తప్ప. దొరికిన నోరు చాలాసార్లు దొరకాలని ఉంచినదే. మూతకు దారం కట్టి గ్రెనేడ్, అంచుల్లో వెదురు మేకులు, లోపల డబ్బాలో తేళ్లు, పైకప్పుకు కట్టిన పాము కూచీలో మామూలు. మూతను చేత్తో ఎత్తరు, దూరం నుంచి తాడు కట్టి లాగుతారు. తరవాత రెండో నోరు వెతుకుతారు. అది దొరక్కుండా దీంట్లో ఏం చేసినా లోపలివాళ్లకు వెళ్లిపొమ్మని చెప్పినట్టే.

సొరంగ ఎలుకలు అంటే ఎవరు? లోపలికి మనిషి దిగడం అంత అవసరమా?

1966 జనవరిలో కూచీ ప్రాంతంలో ఆపరేషన్ క్రింప్‌ అనే దాడికి దాదాపు 8,000 మంది అమెరికన్, ఆస్ట్రేలియన్ సైనికులు దిగారు. కాల్చేవాళ్లు కనబడరు, కాల్పులు మాత్రం వస్తున్నాయి. అప్పటిదాకా నోరు దొరికితే పొగ కొట్టి, పేల్చి ముందుకు పోవడమే అలవాటు. కెప్టెన్ శాండీ మెక్‌గ్రెగర్ నడిపిన ఆస్ట్రేలియా ఇంజనీర్లు 3 ఫీల్డ్ ట్రూప్ అలా పోకుండా లోపలికి దిగారు. ఆయుధాలతోపాటు గుట్టలకొద్దీ కాగితాలు, మ్యాపులు చేతికొచ్చాయి. పేల్చి ఉంటే అవన్నీ మట్టిలో కలిసేవి. దిగినందుకు మూల్యమూ ఉంది: కార్పొరల్ బాబ్ బౌటెల్ రెండు అంతస్తుల మధ్య మూతలో ఇరుక్కుని ఊపిరాడక చనిపోయాడు.

తరవాత అమెరికన్ ఇంజనీర్లలో దీనికే ప్రత్యేక జట్లు ఏర్పడ్డాయి, వాళ్లకే సొరంగ ఎలుకలని పేరు. ఎక్కువమంది సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లు. టార్చి, కత్తి, పిస్టల్, అంతే. పెద్ద .45 పిస్టల్ అంత ఇరుకులో పేలిస్తే చెవులు గింగురుమని కాసేపు ఏమీ వినబడదు, అందుకే చిన్న రివాల్వర్ ఇష్టపడేవారు. వరసగా మూడు గుళ్లకు మించి కాల్చకుండా మళ్లీ నింపుకోవాలని నియమం, ఎందుకంటే ఆరు లెక్కపెట్టుకుని చీకట్లో ఒకడు కాచుకుని ఉంటాడు. ఇద్దరు పక్కపక్కనే పాకరు, ఒకే గ్రెనేడ్‌కు ఇద్దరూ పోకుండా ఎడం పాటిస్తారు. వెనకవాడి చేతిలో టెలిఫోన్ తీగ.

అసలు పని పోరాటం కన్నా కొలత. ప్రతి మలుపు దగ్గర దిక్సూచి చూసి డిగ్రీలు, తీగ ఎంత దూరం సాగిందో మీటర్లు ఫోన్‌లో పైకి చెబుతారు. పైన ఒకడు అదే దిక్కులో అంతే దూరం నడిచి మేకు పాతుతాడు. సాయంత్రానికి నేల మీద మేకుల వరస సొరంగం ఆకారంలో నిలబడుతుంది. ఎక్కడ పేల్చాలో, ఎక్కడ ఇంకో నోరు ఉండాలో అప్పుడే తెలుస్తుంది. తుపాకీలో ఇనుముంటే దిక్సూచి తప్పు చూపిస్తుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే.

పొగో గ్యాసో పంపితే చాలదా?

పొగకు ఒక మంచి ఉపయోగం ఉంది, వెతకడం. మైటీ మైట్ అనే బ్లోయర్, తోటలకు మందు కొట్టేలాంటిది, దాంతో రంగు పొగ లోపలికి తోసి, ఎక్కడెక్కడ పైకి లేస్తుందో హెలికాప్టర్ నుంచి, నేల నుంచి చూస్తారు. బ్లోయర్ మొదలుపెట్టక ముందే మనుషులు చుట్టూ ఉండాలి, లేకపోతే పొగ కనబడేసరికి లోపలివాళ్లు వెళ్లిపోతారు.

లోపలివాళ్లను తరమడానికి మాత్రం అంతగా పనికిరాలేదు. కూచీవాళ్లు దారిలో మన సింకు కింద ఉండే వంపు పైపులాంటి నీటి వంపులు పెట్టారు. నీరు నిలిచి గ్యాస్‌ను అక్కడే ఆపేస్తుంది. పైగా అంతస్తుల మధ్య మూతలు. పొగ పెట్టిన సొరంగంలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి తరవాత దిగాల్సిన మన మనిషికే ముప్పు. మామూలు గాలిలో 21 శాతం ఉండేది 19.5 కన్నా తగ్గితే దిగకూడదు. మ్యాన్‌హోల్‌లో కూలీలు చనిపోవడానికి విషవాయువులతోపాటు ఇదీ ఒక కారణం.

ఇక చట్టం. యుద్ధంలో విషవాయువుల్ని 1925 జెనీవా ఒప్పందం నిషేధించింది, అమెరికా దాన్ని ఆమోదించింది మాత్రం 1975లో. 1997లో అమల్లోకి వచ్చిన రసాయనాయుధాల ఒప్పందం బాష్పవాయువును కూడా యుద్ధ సాధనంగా వాడొద్దంది. పోలీసు పనికి వాడవచ్చు, యుద్ధానికి కూడదు. భారత్ ఆ ఒప్పందంలో సభ్యదేశం.

నీళ్లతో నింపేస్తే?

మళ్లీ లెక్కే. ఇందాకటి కిలోమీటరు సొరంగంలో 800 ఘనపు మీటర్లు, అంటే 8 లక్షల లీటర్లు. వేసవిలో వర్తూరు అపార్ట్‌మెంట్లకు వచ్చే 12,000 లీటర్ల ట్యాంకర్లయితే 67. అదీ నేల తాగకపోతే, నీటి వంపులు, మూతలు లేకపోతే, సొరంగం ఒక్కవైపే వాలితే. ఇవేవీ నిజం కాదు. 2015లో ఈజిప్టు రఫా దగ్గర సముద్రపు నీటితో చేసింది, 2023 చివర్లో ఇజ్రాయెల్ గాజాలో ప్రయత్నించింది. ఉప్పునీరు భూగర్భజలంలోకి దిగితే పైనున్న సామాన్యుల బావులు పాడవుతాయి. తరవాత తరాలు కట్టాల్సిన మూల్యం అది.

పేల్చేస్తే అయిపోదా?

నోరు పేలిస్తే నోరు మూసుకుంటుంది, అంతే. సొరంగాన్ని వంకరలు తిప్పి తవ్వేది పేలుడు ఊపు మలుపు మలుపుకీ తగ్గాలనే. ముప్పై మీటర్ల ఇవతల కూర్చున్నవాడు దుమ్ము దులుపుకుని, పేలిన ముక్క పక్కనుంచి కొత్త దారి తవ్వుకుంటాడు. అమెరికన్లు ఎసిటిలీన్ వాయువు నింపి పేల్చారు, లోతు తక్కువ ఉన్నచోటే కూలింది. కింది అంతస్తులు మిగిలాయి.

ఇంజనీర్లు చివరికి నేర్చుకున్న పాఠం: కూడళ్లు పేల్చాలి, దారులు కాదు. కూడలి ఎక్కడుందో కొలవకుండా తెలియదు. అందుకే ఎలుకలు. యుద్ధం చివరి ఏళ్లలో బీ-52 బాంబర్లు లోతుగా దిగి పేలే బాంబులతో కూచీలో చాలా భాగం కూల్చాయి. సొరంగాలతోపాటు పైన ఊళ్లూ, అడవీ పోయాయి.

పైనున్న ఊరినే ఖాళీ చేయిస్తే?

1967 జనవరిలో చేసి చూశారు. ఆపరేషన్ సీడర్ ఫాల్స్, ‘ఇనుప త్రికోణం’ అనే ప్రాంతంలో దాదాపు 30,000 మంది సైనికులతో. బెన్ సుక్, చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని, దాదాపు 6,000 మందిని తరలించి, ఇళ్లను బుల్డోజర్లతో చదును చేశారు. కొన్ని వారాల్లోనే గెరిల్లాలు తిరిగొచ్చారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. ఇల్లు పోయింది, ఎలుకలు మిగిలాయి. ఊరు పోగొట్టుకున్నవాళ్లు ఎవరి పక్షాన నిలబడతారో చెప్పనక్కర్లేదు.

మన సరిహద్దుల్లో?

జమ్మూ వైపు సాంబా, కఠువా జిల్లాల్లో బీఎస్ఎఫ్ చాలానే పట్టుకుంది. కూచీలా వ్యవస్థలు కావు, కంచె కింద నుంచి చొరబడే ఒంటి దారులు: ఎక్కువగా నూటయాభై మీటర్లకు అటూ ఇటూ పొడవు, ఇరవై ముప్పై అడుగుల లోతు. 2012లో సాంబాలో వానకు నేల కుంగితే ఒకటి బయటపడింది. 2020 నవంబరులో నగ్రోటా ఎన్‌కౌంటర్ తరవాత చొరబడ్డవాళ్ల జాడ పట్టుకుని వెనక్కి వెళ్తే ఇంకోటి దొరికింది. అక్కడి కష్టం ఏనుగు గడ్డి. మనిషి ఎత్తు పెరిగి అన్నిటినీ కప్పేస్తుంది, గస్తీవాళ్లకు మొదటి పని దాన్ని కోయించడమే.

బెంగళూరు కింద ఎవరైనా ఇలా తవ్వగలరా?

పారతో తవ్వలేరు. పై ఎర్రమట్టి కొన్ని మీటర్లే, కింద లాల్‌బాగ్ గుట్టలో కనబడే నైస్ రాయే. మెట్రో పింక్ లైనులో 13.76 కిలోమీటర్ల సొరంగానికి సొరంగం తొలిచే టీబీఎం యంత్రాలు ఏళ్లకేళ్లు శ్రమపడ్డాయి. పాత కోట నుంచి ఎక్కడికో సొరంగం ఉందనే కథలు ప్రతి ఊరిలోలాగే ఇక్కడా ఉన్నాయి. పునాది తీస్తుంటే గుంట బయటపడిందంటే నూటికి తొంభైసార్లు పాత బావో, వాననీటి కాలువో. లోపలికి తల పెట్టొద్దు, గాలి సంగతి పైన చెప్పాం.

కూచీ చూడాలనుకుంటున్నాం. ఏ భాగానికి వెళ్లాలి?

రెండున్నాయి. బెన్ దిన్ నగరానికి దగ్గర, అందుకే టూరు బస్సులన్నీ అక్కడికే. బెన్ యుయాక్ దూరం, రద్దీ తక్కువ. పాకడానికి వదిలే ముక్కను విదేశీయుల కోసం వెడల్పు చేశారు, మధ్యమధ్యలో బయటికి వచ్చే దారులున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే భయమున్నవాళ్లు మొదటి దారికే వచ్చేయండి. వీలైతే పొద్దున్నే వెళ్లండి, వంటశాల దగ్గర పొయ్యి వెలిగించి ఉంటే పొయ్యి వైపు కాకుండా కాస్త అవతల నేలను చూడండి, పొగ గడ్డిలోంచి పాకుతూ వస్తుంది.